బీడీ, చెరుకు, చక్కెర: వయోజనుల తొలి పాఠాలు

2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి నిజామాబాద్ జిల్లా అక్షరాస్యత 61.25 శాతం, అంటే ఏడేళ్లు నిండిన ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి చదవడం, రాయడం రాదు. నిజామాబాద్ పట్టణంలో బీడీలు చేసే స్త్రీలకైనా, 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారానికి చెరుకు పండించిన బోధన్ పల్లెల కూలీలకైనా చదువు చెప్పబోయేవారికి శ్రద్ధతో పాటు, మనిషి ఎలా నేర్చుకుంటాడో వివరించే అభ్యసన సిద్ధాంతాల అవగాహన కూడా అవసరం.

అ నుంచి మొదలుపెట్టి అక్షరాలన్నీ దిద్దించి, గుణింతాలు వల్లె వేయించే పాత పద్ధతికి దగ్గరగా ఉన్నది ప్రవర్తనావాదం. అభ్యాసం, వెంటనే దొరికే మెప్పు కలిసి అలవాటును స్థిరపరుస్తాయన్న దాని మాటలో నిజం ఉన్నా, అర్థంతో పొత్తు లేని వల్లెవేత పగలంతా పనిచేసి వచ్చిన పెద్దవారిని ఎక్కువ రోజులు కూర్చోబెట్టలేదు. కొత్త జ్ఞానాన్ని మనిషి తనకు తెలిసినదాని మీదే కట్టుకుంటాడని చెప్పే నిర్మాణవాదం ఈ లోటును పూరిస్తుంది. చెరుకు తోటలకు పేరుపడిన ఈశాన్య బ్రెజిల్‌లో 1921లో పుట్టిన పాలో ఫ్రెయిరే ఈ దారిలోనే నడిచి, కూలీల బతుకులోని మాటలనే తొలి పాఠాలుగా ఎంచి, వాటిపై చర్చ జరిపిన తరువాతే అక్షరాల్లోకి తీసుకువెళ్లాడు. 1963లో అంగికోస్ పట్టణంలో సుమారు 300 మందికి 40 గంటల బోధనతో చదువు నేర్పే ప్రయత్నం ఆయనకు పేరు తెచ్చింది.

ఈ పద్ధతిని నిజామాబాద్‌కు అన్వయిస్తే తొలి మాట ‘బీడీ’ కావచ్చు. వెయ్యి బీడీలకు కూలి ఎంత, కార్ఖానా పుస్తకంలో ఎంత రాశారు, భవిష్య నిధికి ఎంత కోత పడింది అన్న చర్చ ముందు సాగాలి. తరువాత ఆ మాటను ‘బీ’, ‘డీ’ అని విడదీసి, బ, డ గుణింతాలు పక్కపక్కన రాసి చూపితే, ‘బడి’, ‘బీడు’, ‘డాబా’ వంటి మాటలను అభ్యాసకులే కూర్చుకోగలుగుతారు; అవే అక్షరాలకు వత్తు ఒక్కటి చేరితే ‘బిడ్డ’ వస్తుంది. బోధన్‌లో ‘చెరుకు’తో చ, ర, క వచ్చినవారికి ‘చక్కెర’లో కొత్తగా నేర్వవలసింది క వత్తు మాత్రమే. హల్లుకు అచ్చు గుర్తు, వత్తు చేరి వందల రూపాలు ఏర్పడే తెలుగు లిపిలో మాటను గుర్తుపట్టడంతో ఆగిపోతే చాలదు గనుక, గుడి, కొమ్ము, ఎత్వం, వత్తులను వరుసగా, రోజులు గడిచేకొద్దీ మళ్లీ మళ్లీ తిరగేస్తూ నేర్పాలి.

రష్యన్ మనోవైజ్ఞానికుడు వైగోట్‌స్కీ (1896–1934) చెప్పిన ‘సమీప వికాస మండలం’ అంటే మనిషి ఒంటరిగా చేయలేకపోయినా తెలిసినవారి తోడుతో చేయగల పనుల పరిధి. మహిళా సంఘంలో చదువు వచ్చిన సభ్యురాలు పక్కన కూర్చుని, మొదట తాను చదివి, తరువాత ఇద్దరూ కలిసి చదివి, చివరకు అభ్యాసకురాలినే చదవనిచ్చి క్రమంగా సాయం తగ్గించడం ఈ సిద్ధాంతానికి ఆచరణ రూపం. ఇంట్లో ఉర్దూ, మరాఠీ, లంబాడీ మాట్లాడే పిల్లలు కూడా ఉన్న ఈ ప్రాంతపు బడుల్లో, తెలుగు మాట నోటికి వచ్చిన తరువాతే దాన్ని పలక మీద రాయించడం కూడా ఇందులో భాగమే.

అర్థంతో ముడిపడిన పాఠం ఎంత దూరం తీసుకువెళుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపింది: అక్షరాస్యత వాచకాల్లోని పాఠాలపై స్త్రీలు జరిపిన చర్చ 1992లో సారా వ్యతిరేక ఉద్యమానికి ఊపిరి పోయగా, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు.

ప్రాథమిక తరగతుల కోసం తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ అనే చదువు కార్యక్రమం మొదలైంది. పదిహేనేళ్లు దాటినవారికి కేంద్ర ప్రభుత్వ ‘ఉల్లాస్’ అక్షరాస్యత పథకం ఉంది. పథకాలు ఎన్ని ఉన్నా, అభ్యాసకులకు ఏమి తెలుసో ముందుగా కనుక్కొని అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టే బాధ్యత బోధకులది. వాచకం తెరిచే ముందు వారి మాట వినడానికి ప్రతి బోధకుడూ, ప్రతి స్వచ్ఛంద కార్యకర్తా సమయం కేటాయించాలి.