కోరంగి పక్షుల లెక్క

కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడని విద్యార్థి అరుదు. ఏకాదశ రుద్రుల ప్రభలను ఊరూరి యువకులు భుజాలకెత్తుకొని, పచ్చని వరిచేలలోనుంచి, కౌశిక నీటిలోనుంచి తోటకు చేరుస్తారు. ఆ భుజానికి కూలి లేదు. పైరు త్రొక్కినవారిపై రైతుకు కోపమూ లేదు. స్వచ్ఛంద సేవ అనే మాట మనకు క్రొత్తగా వినిపించవచ్చును గాని, ఆ గుణం మాత్రం మనకు పాతదే.

ఆ సంక్రాంతి మాసంలోనే గౌతమికి ఆవలి ఒడ్డున మరొకవిధమైన సేవ సాగుతుంది. ఎదుర్లంక వద్ద వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ త్రోవను పోతే కోరంగి వస్తుంది. ఒకనాడది పేరుపొందిన ఓడరేవు. 1789, 1839 సంవత్సరాల ఉప్పెనలు దానిని పాడుచేశాయి. నేడు కోరంగి అనగానే తలపునకు వచ్చేది మడ అడవి. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. చూడవచ్చేవారి కోసం మడ, పొన్న, తిల్ల చెట్ల నడుమ చెక్కబాట వేశారు. బురదనుంచి పైకి పొడుచుకొనివచ్చిన ఊపిరి వేళ్లను పాఠ్యపుస్తకంలోని బొమ్మగా గాక, అక్కడ ప్రత్యక్షంగా చూడవచ్చును.

ఏటా జనవరిలో ఆసియా దేశాలలో నీటిపక్షుల గణన జరుగుతుంది. ఇది 1987లో ఆరంభమయింది. కోరంగిలో అటవీశాఖవారితోబాటు పక్షిశాస్త్రజ్ఞులు, స్వచ్ఛంద సేవకులు, విద్యార్థులు ఇందులో పాల్గొంటారు. జట్లుగా విడిపోయి, దుర్భిణులు పట్టుకొని, పడవలమీదను, కాలినడకను తమకు ఏర్పరచిన తావులకు పోతారు. పాటు సమయంలో పక్షులు బురదనేలలమీద మేతకు చెదరి ఉంటాయి. పోటు రాగానే మిట్టలమీద గుంపుకడతాయి. కనుక సముద్రపు వేళలు తెలియనివాడు ఈ లెక్క చేయలేడు. పెద్ద గుంపు కనిపిస్తే ముందు పదింటిని ఎంచి, అవి ఎంత మేర ఆక్రమించినవో చూచి, ఆ కొలతతో మిగిలినవానిని అంచనా కడతారు. కేకలు వేయరాదు, పక్షులను బెదరించి లేపరాదు.

అట్లా చూచినవానికి దక్కే ఆనందం సామాన్యమైనది కాదు. క్రింది ముక్కు పైముక్కుకంటె పొడవుగా ఉండి, ఎగురుతూనే నీటిని గీసుకుంటూ చేపను పట్టే ఇండియన్ స్కిమ్మర్ కాకినాడ తీరాన చలికాలంలో కనిపిస్తుంది. ఈశాన్య సైబీరియాలో గుడ్లుపెట్టే గ్రేట్ నాట్ అనే ఉల్లంకి జాతి పక్షి కూడ ఈ బురదమేటలకు దిగుతుంది. రెండూ ప్రపంచంలో అంతరించే ప్రమాదమున్నవే.

పక్షులను లెక్కిస్తే అవి పెరుగుతాయా అని ఎవరైనా అడగవచ్చును. పెరగవు. కాని తరుగుతున్న సంగతి తెలిసేది లెక్కవల్లనే. ఒక్క ఏటి అంకె విలువ స్వల్పం. అదే చోట, అదే కాలంలో ఏటేటా వ్రాసిన అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టినప్పుడు, ఏ మేట క్షీణించినదో, ఏ మడుగు రొయ్యల చెరువుగా మారినదో, ఏ జాతి రాక మానుకొన్నదో బయటపడుతుంది. అందుచేత పక్షి కనిపించనినాడు సున్న వ్రాయుట కూడ సేవయే. నిరాశతో మానివేయుట, ఉత్సాహంతో పెంచి వ్రాయుట, రెండూ దోషాలే. విద్యార్థికి సత్యనిష్ఠ నేర్పడానికి ఇంతకంటె మంచి పాఠం ఏమున్నది?

కార్తికంలో మనం వనభోజనాలకు పోతాం. తిన్న విస్తళ్లను, వాటితో ప్లాస్టిక్కును అక్కడే వదలి వస్తాం. వనం మనకు నీడ ఇచ్చింది, మనం దానికేమిచ్చాం? విహారానికి పోయినవాడు ఒక్క గంట నిశ్శబ్దంగా చూచి, చూచినది నిజంగా వ్రాసిపెడితే, అది వనానికి తీర్చిన ఋణమవుతుంది.

ఇందుకు అందరూ కోరంగికే పోనక్కరలేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో చెరువుగాని, కాలువగాని లేని ఊరేది? ఉపాధ్యాయులు ఏటా జనవరిలో ఒక ఉదయం నిర్ణయించి, పిల్లలను గట్టుమీదికి తీసుకొనిపోయి, కొంగలను, నీటికాకులను, బాతులను ఎంచి, బడిలో ఒక పుస్తకంలో వ్రాయించవచ్చును. పదేళ్ల తరువాత ఆ బడిలో చేరే పిల్లలకు ఆ పుస్తకం తమ ఊరి చెరువు చరిత్ర అవుతుంది. ఈ రానున్న సంక్రాంతికే దానిలో మొదటి పుట వ్రాయించండి.