పాసుపుస్తకానికే పంట రుణం!

ఏటా లక్షల కోట్ల వ్యవసాయ రుణాలు. లక్ష్యాన్ని దాటి మరీ ఇస్తున్న బ్యాంకులు. మరి ఎరువుల కొట్టులో అరువు ఖాతా ఎందుకు తరగడం లేదు? దున్నేవాడు ఒకరు, అప్పు దొరికేది ఇంకొకరికి కావడమే దానికి కారణం.

జూన్ నెల. గోదావరి డెల్టాలో కాలువలకు నీళ్లొదిలే రోజులు. ఓ పక్క నారుమళ్ల హడావుడి, ఇంకో పక్క ఊళ్లో బ్యాంకు దగ్గర హడావుడి. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ నకలు, ఆధార్ జిరాక్సు. ఆ వరసలో ఊరివాళ్లే ఉండరు. హైదరాబాద్‌లో స్థిరపడినాయన పంట రుణం తిరగరాయించుకోవడానికి పొద్దున్నే రైలు దిగి వస్తాడు. ఆయన నాలుగెకరాల్లో కాలు పెట్టి ఏళ్లయింది. ఆ పొలం చేసేది వేరొకరు. ఆ వేరొకరు మాత్రం ఈ వరసలో కనిపించరు. అదే సమయానికి ఆయన ఎరువుల కొట్టు ముందు నిలబడి ఉంటాడు... ఈసారికి అరువివ్వమని.

ఏ ఒక్క ఊరికో పరిమితమైన కథ కాదిది. డెల్టాలో చాలా ఊళ్లలో సొంత రైతుల కన్నా కౌలు రైతులే ఎక్కువ కనిపిస్తారు. గుంటూరు మిరప చేలల్లో, వరంగల్ పత్తి చేలల్లోనూ కౌలుదార్లకు కొదవ లేదు.

రెండు రూపాయల వడ్డీ అంటే...

తేడా ఎంతో చూడాలంటే చిన్న లెక్క చాలు. 3 లక్షల రూపాయల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. 2006-07 నుంచి కేంద్రం ఇస్తున్న వడ్డీ రాయితీ పుణ్యమిది. గడువులోగా కట్టినవారికి మరో 3 శాతం తగ్గుతుంది. అంటే నాలుగు శాతమే. లక్ష రూపాయలకు ఏడాదికి 4 వేలు.

అదే లక్ష ఊళ్లో తెస్తే? నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున ఏడాదికి 24 వేలు. అవసరం ముంచుకొచ్చి మూడు రూపాయలకు తెస్తే 36 వేలు. అక్కడితో అయిపోదు. ఎరువుల కొట్టులో వడ్డీ విడిగా కాగితం మీద ఉండదు, బస్తా ధరలోనే కలిసి ఉంటుంది. మందులిచ్చిన వ్యాపారికే ధాన్యం తోలాలన్నది ఎవరూ రాసుకోని ఒప్పందం. మిరప రైతైతే పెట్టుబడి పెట్టిన కమీషన్ వ్యాపారి దగ్గరికే సరకు తీసుకెళ్లాలి. ధర నచ్చకపోతే ఇంకో కొట్టుకు పోయే స్వేచ్ఛ ఉండదు. వీటన్నిటి మీదా కౌలు. పంట పండినా ఎండినా అది కట్టాల్సిందే.

ఒకే చేను, ఒకే పంట. పాసుపుస్తకం ఉన్నవాడికి నాలుగు వేలు, లేనివాడికి పాతిక వేలు. వ్యవసాయంలో మిగిలేదే అంతంతమాత్రమైనప్పుడు ఈ తేడాయే పిల్లల కాలేజీ ఫీజు, ఆడపిల్ల పెళ్లి. ఒక్కోసారి ప్రాణం కూడా.

షావుకారుని దాటి...

రైతు దగ్గరికి బ్యాంకు రావడానికి చాలా కాలమే పట్టింది. 1951-52లో రిజర్వు బ్యాంకు దేశవ్యాప్తంగా గ్రామీణ రుణాల సర్వే చేయిస్తే, రైతుల అప్పుల్లో వాణిజ్య బ్యాంకుల వాటా ఒక్క శాతం కూడా లేదని తేలింది. సహకార సంఘాల వాటా మూడు శాతం. మిగతాదాంట్లో చాలావరకు షావుకార్లు, వ్యాపారులు, బంధువులదే. ఆ నివేదిక తర్వాతే 1955లో ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారి పల్లెబాట పట్టింది. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1975లో గ్రామీణ బ్యాంకులు, 1980లో మరో ఆరు బ్యాంకులు, 1982లో నాబార్డు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది 1980లోనే. (2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఊళ్లలో ఇప్పటికీ చాలామంది పాత పేరుతోనే పిలుస్తారు!)

బ్యాంకులు ఇచ్చే మొత్తం అప్పుల్లో 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. 1998లో కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చింది. అసలు మలుపు 2004. మూడేళ్లలో వ్యవసాయ రుణాలను రెట్టింపు చేయాలని కేంద్రం ఆదేశించింది. అప్పటి నుంచి ఏటా బడ్జెట్లో లక్ష్యం పెరగడం, బ్యాంకులు దాన్ని దాటేయడం రివాజైపోయింది. 2003-04లో 90 వేల కోట్ల లోపే ఉన్న వ్యవసాయ రుణాలు 2023-24లో 25 లక్షల కోట్లు దాటాయి. ధరలు పెరిగాయి నిజమే, అయినా చిన్న పెరుగుదల కాదు.

మరి అదంతా ఎక్కడికి పోయింది?

కొంత గోదాములకు, కొంత ఆహారశుద్ధి పరిశ్రమలకు. 2015లో నిబంధనలు మార్చాక, ఆహారశుద్ధి సంస్థకు వంద కోట్ల దాకా ఇచ్చే అప్పునూ వ్యవసాయ పద్దులో చూపించుకోవచ్చు. వ్యవసాయ రుణాల్లో పెద్ద అప్పుల వాటా, నగరాల్లోని శాఖలు ఇచ్చే అప్పుల వాటా పెరుగుతున్నాయని ఆర్థికవేత్తలు ఆర్. రామకుమార్, పల్లవి చవాన్ ఏనాడో ఎత్తిచూపారు. నగరం నడిబొడ్డున నాట్లు వేసేదెవరో మరి! చిన్న, సన్నకారు రైతులకంటూ విడిగా వాటా పెట్టి, దాన్ని 10 శాతానికి పెంచినా ఆ లోటు పూర్తిగా తీరలేదు. వాణిజ్య బ్యాంకుల రుణాలు అందుకుంటున్నది చిన్న, సన్నకారు రైతుల్లో 41 శాతం మందేనని రిజర్వు బ్యాంకు కమిటీయే 2019లో చెప్పింది.

ఆ కమిటీ చెప్పిన మరో సంగతి తెలుగువాళ్లు శ్రద్ధగా వినాల్సింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇచ్చిన పంట రుణాలు ఆ రాష్ట్రాల్లో సాగుకయ్యే పెట్టుబడికి రెండింతలకు పైనే ఉన్నాయట. అంటే ఇక్కడి రైతుకు బ్యాంకు అప్పు పొంగిపొర్లుతోందన్నమాట! కానీ అదే ఏడాది జాతీయ నమూనా సర్వే తలుపు తట్టి అడిగితే ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93 శాతం, తెలంగాణలో దాదాపు 92 శాతం అప్పుల్లో ఉన్నాయని తేలింది. దేశం మొత్తమ్మీద అది 50 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి సగటు అప్పు 2.45 లక్షలు, దేశంలోకెల్లా ఎక్కువ.

రెండు లెక్కలూ నిజమే. పట్టాకు అప్పుంది, పొలానికి లేదు. అదీ చిక్కు.

గాజులు పెట్టి... గింజలు చల్లి

తెలుగునాట పంట రుణమంటే చాలాకాలం బంగారమే. పాసుపుస్తకం నకలు జతచేసి, గాజులో గొలుసో తాకట్టు పెడితే పావుగంటలో నాలుగు శాతం వడ్డీకి అప్పు. బ్యాంకుకు భయం లేదు, బంగారం లాకర్లో భద్రంగా ఉంటుంది. లక్ష్యమూ నిండుతుంది. అయితే ఆ డబ్బు పొలంలోకే పోయిందా, ప్లాటు కొనడానికి పోయిందా అడిగే నాథుడు లేడు. పాసుపుస్తకం ఉంటే చాలు, ఉద్యోగస్తులూ వ్యాపారులూ కూడా ‘రైతులై’పోయారు. చివరికి 2020 ఏప్రిల్ నుంచి వడ్డీ రాయితీ కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా ఇచ్చే పంట రుణాలకే అని కట్టడి చేశారు.

ఇక తిరగరాత గురించి చెప్పుకోవాలి. పట్టాదారుకైనా కొత్త అప్పు చేతికందుతుందనుకుంటే పొరపాటే. గడువు దగ్గరపడగానే అసలూ వడ్డీ కట్టాలి. అంత డబ్బెక్కడిది? ఒకటి రెండు రోజులకని ఊళ్లో ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో వేస్తారు. పాతది తీరినట్టు, కొత్తది ఇచ్చినట్టు కాగితాలు తయారవుతాయి. తీసిన డబ్బు నేరుగా అప్పిచ్చినవాడి చేతికి, పైన రోజు వడ్డీ. బ్యాంకు పద్దులో మరో కొత్త పంట రుణం. కొత్త సీజనుకు పెట్టుబడి మాత్రం సున్నా.

మాఫీ ఎవరికి?

1990లో పది వేల దాకా. 2008లో అయిదెకరాల లోపు రైతులకు బకాయి మొత్తం. ఆ రెండోదాన్ని కాగ్ తనిఖీ చేసి 2013లో నివేదిక ఇస్తే, పరిశీలించిన ఖాతాల్లో అయిదోవంతుకు పైగా లోపాలే. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆంధ్రప్రదేశ్ కుటుంబానికి లక్షన్నర, తెలంగాణ లక్ష మాఫీ ప్రకటించాయి. రెండుచోట్లా విడతలవారీగానే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక ఆఖరి విడతలు రానేలేదు. 2024లో తెలంగాణ 2 లక్షల దాకా మాఫీ చేసింది.

ఊపిరి పీల్చుకున్నవాళ్లు లేకపోలేదు. కానీ మాఫీ వస్తుందన్న ఆశతో కట్టడం ఆపేసినవాళ్లకు గడువు దాటిపోయి మూడు శాతం రాయితీ పోయింది, ఖాతా మొండి బకాయిల్లో చేరింది, కొత్త అప్పు ఆగింది. అన్నిటికన్నా ముఖ్యంగా, మాఫీ కావాలంటే ముందు బ్యాంకులో అప్పుండాలిగా! ఎరువుల కొట్టు బాకీని ఏ ప్రభుత్వం మాఫీ చేస్తుంది?

అక్కరకు రాని కార్డు

ఈ సమస్య పాలకులకు తెలియంది కాదు. కౌలు రైతులకోసం దేశంలోనే ముందుగా చట్టం చేసిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2011లో వచ్చిన ఆ చట్టం ‘రుణ అర్హత కార్డు’ ఇచ్చింది. భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీద మాత్రం అప్పు తెచ్చుకోవచ్చు. అదే ఏడాది ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించారు. పల్లె ఎంత ఉడికిపోతోందో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

కార్డయితే వచ్చింది. అప్పే రాలేదు. ఎందుకంటే ఆ సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఒకే పంటకు రెండు అప్పులివ్వడం కుదరదంటుంది బ్యాంకు. అందులో న్యాయం లేకపోలేదు. వచ్చే ఏడాది అదే చేను చేస్తాడో లేదో తెలియని మనిషికి, ఏ తాకట్టూ లేకుండా అప్పిచ్చి, అది మొండి బాకీ అయితే మేనేజరే జవాబు చెప్పుకోవాలి. తాకట్టు లేకుండా 2 లక్షల దాకా ఇవ్వొచ్చని 2025 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు పరిమితి పెంచినా, సాగు చేస్తున్నట్టు రుజువు అడగక తప్పదు. రుజువు ఇవ్వాల్సింది యజమాని. ఆయన భయం ఆయనది. 1950 నాటి చట్టంతో తెలంగాణలో ‘రక్షిత కౌలుదారు’కు హక్కులొచ్చిన సంగతి అక్కడి భూస్వాములు ఇంకా మరిచిపోలేదు. కాగితం మీద పేరెక్కితే పొలం చేజారుతుందేమోనని ఒకరి జంకు, రుణమూ రాయితీలూ చేజారతాయని ఇంకొకరి లెక్క. కౌలు ఒప్పందాలు అందుకే నోటిమాటగానే మిగిలిపోతున్నాయి.

ఆంధ్రప్రదేశ్ 2019లో పాత చట్టం స్థానంలో పంట సాగుదారు హక్కు పత్రం తెచ్చింది. పదకొండు నెలలే చెల్లుబాటు, యజమాని సంతకం తప్పనిసరి. సంతకం కోసం ఒత్తిడి చేస్తే వచ్చే ఏడాది పొలమే దక్కదేమోనని కౌలుదారు అడగడమే మానేశాడు. తెలంగాణలో పాత కార్డులు క్రమంగా మరుగున పడిపోయాయి. 2018లో మొదలైన రైతుబంధు సాయమూ పట్టాదారుకే వెళ్లింది.

దారే లేదా అంటే ఉంది. కేరళలో కుటుంబశ్రీ మహిళలు నలుగురైదుగురు కలిసి భూమి కౌలుకు తీసుకుని, ఉమ్మడి పూచీ మీద బ్యాంకు నుంచి అప్పు తెచ్చి వరి, కూరగాయలు పండిస్తున్నారు. అలాంటి ఉమ్మడి పూచీ బృందాలకు నాబార్డు ఎప్పటినుంచో ఊతమిస్తోంది. తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, కాకపోతే అవసరంతో పోలిస్తే చాలా తక్కువ.

అసలు మన పల్లెల్లో కౌలు రైతుకు బ్యాంకు డబ్బు అందుతున్న దారి వేరే ఉంది. అది ఆయన భార్య పేరున. డ్వాక్రా సంఘంలో ఆమె వాటాకొచ్చిన సొమ్ము విత్తనాలవుతుంది, యూరియా అవుతుంది, నాట్ల కూలి అవుతుంది. బ్యాంకు లెక్కల్లో అది మహిళా సంఘం రుణం, వ్యవసాయం ఊసే ఉండదు. పంట రుణమైతే కోత అయ్యాక కట్టొచ్చు. సంఘం వాయిదా అలా కాదు. చేలో వరి పొట్ట దశలో ఉన్నా సరే, నెల తిరిగేసరికి కట్టాల్సిందే.