తోతాపురి: వంతు తెలిసిన తర్వాతే కోత

బంగారుపాళ్యం: తోతాపురి మామిడికి ధర ఎంత ముఖ్యమో వేళ కూడా అంతే ముఖ్యమని 2025 సీజను రుజువు చేసింది. సరుకు ఒక్కుమ్మడిగా దిగడంతో చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీలు రూ. 8, ప్రభుత్వం రూ. 4, వెరసి రూ. 12 ధర నిర్ణయమైంది. అయితే ఎండలో నిలిచి మెత్తబడిన కాయకు ఏ ధరా నిలవదు. ముదరని కాయ మగ్గినా తీపి చాలదు, గుజ్జు పలచబడుతుంది. కార్బైడుతో మగ్గబెట్టడం నిషిద్ధం. ఇథిలీన్ వాయువుకు 100 పీపీఎం వరకు అనుమతి ఉంది. కనుక ఫ్యాక్టరీలో వంతు ఖాయమయ్యాక కోత, తోటలోనే కాయ ఏరివేత, అదే రోజు రవాణా జరగాలి. ఈ మూడూ కుదిరితే తరుగు తగ్గి, రైతుకు, మండీదారుకు, గుజ్జు కొనేవారికి గిట్టుబాటవుతుంది.