టిక్కుమంటే 0.2 మిల్లీమీటర్లు

ఇంటి వాతావరణ కేంద్రంలో వాన లెక్క చూసే డబ్బా మూత తీస్తే లోపల ఉండేది చాలా చిన్న యంత్రం. పైన గరాటు, దాని కింద పార్కుల్లో పిల్లలు ఎక్కి దిగే బల్లలాగా ఇరుసు మీద ఊగే ప్లాస్టిక్ దోనె. దోనె నడుమ ఒక అడ్డగోడ, అటొక అర, ఇటొక అర. గరాటులోంచి జారిన నీరు పైకి లేచి ఉన్న అరలో పడుతుంది. అది నిండేకొద్దీ బరువు బయటి అంచు వైపు జరుగుతుంది. ఒక హద్దు దాటగానే దోనె టిక్కుమని ఒరిగి ఆ నీటిని కుమ్మరిస్తుంది, ఖాళీగా ఉన్న రెండో అర గరాటు కిందికి వస్తుంది. ఒరిగేటప్పుడు దోనెకున్న అయస్కాంతం రీడ్ స్విచ్ ముందు నుంచి దాటుతుంది, స్విచ్ ఒక్క క్షణం కలిసి విడిపోతుంది. అదే ఒక లెక్క. గరాటు మూతి వ్యాసం 20 సెంటీమీటర్లయితే, 0.2 మిల్లీమీటర్ల వానకు అరలో చేరేది 6 మిల్లీలీటర్ల పైచిలుకు నీరు. మోటారు అక్కర్లేదు, నీటి బరువే దాన్ని నడుపుతుంది. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథీడ్రల్ కట్టిన క్రిస్టఫర్ రెన్ 1662 ప్రాంతంలోనే నిండగానే ఒరిగే గిన్నెతో వానను లెక్కపెట్టవచ్చని ఊహించాడు. రాబర్ట్ హుక్ అలాంటి గిన్నెను గడియారంతో నడిచే వాతావరణ యంత్రంలో అమర్చి, లెక్కలు కాగితం మీద రంధ్రాలుగా పడేలా చేశాడు. ఆ తర్వాత మూడున్నర శతాబ్దాల్లో కాగితం పోయి వైర్‌లెస్ వచ్చింది కానీ, ఒరగడం మాత్రం అదే.

వాన ఎప్పుడు మొదలైంది, ఏ నిమిషంలో ఎంత జోరుగా పడింది, ఎప్పుడు తెరిపిచ్చింది అని అడిగితే ఈ దోనె చెప్పినంత బాగా చెప్పే చవక పరికరం మరొకటి లేదు. మొత్తం మీద ఎంత కురిసిందని అడిగితే మాత్రం దీని మాట ఒక్కటే నమ్మడం పొరపాటు. పక్కన గీతలున్న మామూలు గొట్టం ఒకటి ఉండి తీరాలి. మంచు పడే దేశమైతే ఆ గొట్టమే అసలు కొలత, దోనెది కాలం లెక్క మాత్రమే. తెర మీద దశాంశ స్థానంతో కనిపించే అంకె చూసి ఈ తేడాను మరిచిపోవడం తేలిక. సన్నని గీతలు ఉన్నంత మాత్రాన స్కేలు సరైనదని చెప్పలేం కదా.

మొత్తం విషయంలో ఎందుకు నమ్మకూడదో దోనె దగ్గరే చూడవచ్చు. ఒరగడానికి సుమారు అర సెకను పడుతుంది. అందులో మొదటి సగం, అంటే అడ్డగోడ గరాటు మూతిని దాటేవరకు, పడే నీరు అప్పటికే నిండిన అరలోకే పోతుంది. ఆ నీరు కుమ్మరింపులో కలిసిపోతుంది తప్ప లెక్కలోకి రాదు. జల్లు పడుతున్నప్పుడు రెండు ఒరుగుళ్ల మధ్య నిమిషాలు గడుస్తాయి కాబట్టి పావు సెకను నష్టం పట్టించుకోనక్కర్లేదు. గంటకు 100 మిల్లీమీటర్ల చొప్పున కుండపోత పడితే గంటకు 500 సార్లు, అంటే 7.2 సెకన్లకు ఒకసారి ఒరగాలి. అందులో పావు సెకను పోయిందంటే నూటికి మూడు నాలుగు పాళ్లు ఎగిరిపోయినట్టే. జోరు రెట్టింపైతే నష్టమూ రెట్టింపవుతుంది. వాన ఎంత ముఖ్యమైనదైతే ఈ యంత్రం అంత తక్కువ చెబుతుందన్నమాట. ఇది ముందే తెలిసిన లోపం కాబట్టి సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది కదా అనవచ్చు. నిజమే, మంచి కేంద్రాలు ఒరుగుళ్ల మధ్య వ్యవధిని బట్టి కొంత కలుపుతాయి. కానీ ఆ సూత్రం శుభ్రమైన దోనెకు, మట్టానికి సరిగ్గా నిలబెట్టిన డబ్బాకు రాసింది. గరాటు కంతలో వేపాకు అడ్డం పడ్డా, దోనెలో సాలెపురుగు గూడు కట్టినా, స్తంభం కాస్త వాలినా సాఫ్ట్‌వేర్‌కు తెలిసే దారి లేదు. పక్కన గొట్టం ఉంటేనే తెలుస్తుంది.

గొట్టం మాత్రం నిజం చెబుతుందా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దీనికి జవాబు ఒక పాత లండన్ ప్రయోగంలో ఉంది. 1766-67లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు ఏడాది పాటు మూడు చోట్ల వాన పట్టించాడు. పెరట్లో 22.6 అంగుళాలు వచ్చింది, ఇంటి కప్పు మీద 18.1, వెస్ట్‌మినిస్టర్ ఆబీ శిఖరం మీద 12.1 మాత్రమే. పడింది ఒకే వాన. చినుకులు దిగుతూ దిగుతూ గాలిలోని తేమను పోగేసుకుని లావెక్కుతాయని కొందరు, విద్యుత్తు మహిమేమోనని హెబర్డెన్ అనుకున్నారు. తర్వాత అర్థశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్న విలియం స్టాన్లీ జెవన్స్ 1861లో అసలు సంగతి తేల్చాడు. గాలికి అడ్డంగా నిలబడిన పాత్ర తనపై నుంచి గాలిని వేగంగా ఎగదన్నుతుంది, ఆ గాలి మూతిలో పడాల్సిన చినుకుల్ని అవతలికి ఊడ్చేస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఎక్కువ, పట్టేది తక్కువ. చెట్ల నీడ పడకూడదని డాబా మీద వాతావరణ కేంద్రం బిగించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. హెబర్డెన్ అంకెలు అలా బిగించేవాళ్ల కోసమే అన్నట్టుంటాయి. భారత వాతావరణ శాఖ తన మామూలు వర్షమాపకం అంచును నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంచడానికి కారణం ఇదే. కాబట్టి గొట్టానికీ తప్పు ఉంది, కానీ దానికి ఈ ఒక్క తప్పు, కాస్త తడి, కాస్త ఆవిరి తప్ప వేరే లేవు. నేలకు దగ్గరగా, చుట్టుపక్కల అడ్డంకులకు వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెడితే అదీ తగ్గుతుంది. సాదా పాత్రతో వాన కొలవడం కౌటిల్యుడి నాటి పద్ధతే. అర్థశాస్త్రంలో కోష్ఠాగారం (ధాన్యాగారం) ముందు అరత్ని, అంటే మూరెడు, వెడల్పు మూతి ఉన్న గిన్నె పెట్టమన్నారు. బోధన్ ప్రాంతంగా చాలామంది చరిత్రకారులు గుర్తించే అశ్మకానికి ద్రోణమనే ఆనాటి కొలతలో పదమూడున్నర ద్రోణాల వాన అని లెక్క కూడా ఇచ్చారు.

మంచు సంగతికొస్తే దోనె పూర్తిగా చేతులెత్తేస్తుంది. మిన్నెసోటాలోనో మిషిగన్‌లోనో ఉంటున్నవాళ్లు జనవరిలో చూసేదే ఇది: మంచు గరాటులో పేరుకుపోతుంది, తెర మీద సున్నా. మర్నాడు ఎండ కాస్తే అది కరిగి, ఆకాశం నీలంగా ఉండగా వాన పడుతున్నట్టు లెక్క వస్తుంది. గరాటు నిండి అంచు దాటి పోయింది ఎప్పటికీ రాదు. హీటర్ పెడితే సరిపోదా? కరిగిస్తుంది, నిజమే. కానీ వేడికి కొంత ఆవిరైపోతుంది, పైకి లేచే వెచ్చని గాలి సన్నని రేకుల్ని నెట్టేస్తుంది. ఇక మామూలు గాలి మంచును చినుకుకన్నా సులువుగా ఎత్తుకుపోతుంది. గాలికి అడ్డుగా కవచం లేని పాత్ర గాలి రోజున అసలు మంచులో సగం కూడా పట్టకపోవచ్చు.

1997 జులైలో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌ను ముంచిన వరద తర్వాత, మరుసటి ఏడాది అక్కడ పుట్టిన కోకోరాస్ అనే పౌరుల వాన లెక్కల బృందం దోనెను కాదని నాలుగంగుళాల వ్యాసమున్న ప్లాస్టిక్ గొట్టాన్ని ఎంచుకుంది. దాని లోపల సన్న గొట్టం ఒకటుంటుంది, వైశాల్యం పెద్దదానిలో పదో వంతు. అందుకే ఒక అంగుళం వాన అందులో పది అంగుళాల ఎత్తు నిలుస్తుంది, అంగుళంలో నూరో వంతు కంటితో చదవవచ్చు. చలికాలంలో గరాటు, సన్న గొట్టం తీసేసి పెద్ద గొట్టాన్ని ఒంటరిగా బయట ఉంచుతారు. మంచు ఆగాక దాన్ని ఇంట్లోకి తెచ్చి, సన్న గొట్టంలో కొలిచిన గోరువెచ్చని నీళ్లు, 0.50 అంగుళం అనుకుందాం, అందులో పోస్తారు. కరిగిందంతా మళ్లీ సన్న గొట్టంలోకి వంపితే 0.82 వచ్చిందంటే మంచు తెచ్చిన నీరు 0.32 అంగుళం. మంచు పది అంగుళాలకు నీరు ఒక అంగుళం అన్న లెక్క ఉంది కదా, స్కేలుతో లోతు చూస్తే చాలదా అంటే, చాలదు. తడి మంచు అయిదుకు ఒకటి ఉంటుంది, పొడి మంచు ఇరవైకి ఒకటి. తూచడం ఇంకో మంచి దారి. అమెరికా పర్వతాల్లో వాడే ఫెడరల్ శాంప్లర్ గొట్టం కొస వ్యాసం 1.485 అంగుళాలు. ఆ కొలత యాదృచ్ఛికం కాదు, అంత వెడల్పున దిగిన మంచు స్తంభం ఒక ఔన్సు తూగితే అందులో సరిగ్గా ఒక అంగుళం నీరున్నట్టు. నాలుగంగుళాల గొట్టానికీ ఇలాగే లెక్క కట్టవచ్చు. వంటింటి డిజిటల్ త్రాసు మీద 8.1 గ్రాములు పెరిగితే ఒక మిల్లీమీటరు.

అలా గొట్టం, దోనె పక్కపక్కనే ఒక వానాకాలం నడిచాక రెండింటి మొత్తాల నిష్పత్తి తేలుతుంది. దోనె స్థిరంగా తక్కువ చెబుతుంటే దాని కింద రెండు వైపులా ఉన్న మరలను సమానంగా కొద్దిగా పైకి తిప్పాలి. దోనె వాలు తగ్గి తక్కువ నీటికే ఒరుగుతుంది, లెక్క పెరుగుతుంది. ఈ నిష్పత్తి కట్టేటప్పుడు కుండపోత రోజుల్ని వేరుగా పెట్టాలి, ఆ నష్టం మరలతో పోయేది కాదు. మంచు రోజుల్నైతే అసలు కలపనే కూడదు, ఆ రోజుల్లో దోనె ఏం కొలిచిందో దానికే తెలియదు.