చిన్న కుక్కకు పెద్ద పథ్యము

కాకుమానులో మా యింట ఆరు కిలోల చిన్న కుక్క యొకటి కలదు. పండుగనాడు గారెముక్క, ఆదివారమునాడు మాంసపుకొవ్వు ముద్దుగా పెట్టుచుంటిమి. ఒకనాడది వాంతులు చేసికొని, ముందుకాళ్లు నేలకానించి, నడుమెత్తి బాధపడజొచ్చెను. క్లోమగ్రంథి వాపు దీర్ఘవ్యాధిగా నిలిచినదని పశువైద్యులు చెప్పిరి.

క్లోమము జీర్ణరసములను తయారుచేయును. అవి ప్రేవులోనికి చేరిన పిమ్మట పనిచేయవలెను. ఈ వ్యాధిలో గ్రంథిలోనే పని మొదలిడి, దానినే జీర్ణింపజేయును. కొవ్వు హెచ్చిన భోజనము తరచు ఈ బాధను తిరుగదోడును. నశించిన భాగము మరల రాదు. మిగిలినదానిని కాపాడుకొనుటయే చికిత్స.

కావున చర్మము, కొవ్వు తీసిన కోడిమాంసమును నీట నుడికించి, మెత్తని అన్నముతో రోజునకు నాలుగుమారులు కొద్దికొద్దిగా పెట్టుచున్నాము. ఇదియొక్కటే చిరకాలము చాలదు. కాల్షియము, విటమినులు వైద్యులు చెప్పిన మేరకు చేర్చవలెను. నెయ్యి, మీగడ, వేపుళ్లు నిషిద్ధములు. దినముల తరబడి పస్తుంచుట పూర్వపద్ధతి. నేడు వాంతులు అదుపునకు రాగానే ఆహారమిచ్చుచున్నారు. మనము వాడు నొప్పిమాత్రలు దానికి వేయరాదు.

అమితముగా నీరు త్రాగినను, తినుచునే చిక్కిపోయినను, జిడ్డుగా విరేచనమైనను ఆలస్యము కూడదు. అవి మధుమేహమునకో, జీర్ణరసలోపమునకో గుర్తులు కావచ్చును. గన్నవరమున 1998 నుండి పశువైద్య కళాశాల కలదు.

ఇంటికి వచ్చిన చుట్టములకును, పిల్లలకును మేము చెప్పునది ఒక్కటే: మీ విస్తరిలోని ముద్ద దానికి పెట్టకుడు, తల నిమురుడు, చాలును.