పట్టు జిగురు – ముఖపు క్రీములు

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి ప్రాంతముల మన ఇండ్లలో స్త్రీలు ఒక ప్రశ్న అడుగుచున్నారు. పట్నములో అమ్ము క్రీము డబ్బాలపై సెరిసిన్ అని ఉన్నదట; అది మన పట్టులోనిదే అంటారు, అయితే పట్టు ఉడికించిన నీళ్లు మనమే పూసుకొనరాదా అని.

పట్టులోనిదే, నిజము. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టులో మనము చూచు గూటి దారములో రెండు పదార్థములు కలవు. లోపలిది ఫైబ్రాయిన్, అనగా మెరిసే పట్టు. దానిని అంటియుండు జిగురు సెరిసిన్. ముడిపట్టు బరువులో దాదాపు నాల్గవవంతు ఈ జిగురే. కిలో చిలపలు ఉడికించగా సుమారు 750 గ్రాములే తిరిగివచ్చుట అందువల్లనే. (తూకము తగ్గినదని రంగులవారిని అనుమానించువారు గమనించవలెను.)

1865లో ఎమిల్ క్రామర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పట్టునుండి సెరీన్ అను పదార్థమును వేరుచేసెను. సెరిసిన్‌లో సుమారు మూడవవంతు ఇదే. ఇది తేమను పట్టియుంచును. మన చర్మపు పైపొరలోను సహజముగా ఉన్నది. అందుకే క్రీములలో కలుపుచున్నారు. చాలమందికి పడును. కాని ముడతలు మాయమగునను ప్రకటనలు నమ్మి డబ్బు తగలేయనక్కరలేదు.

ఇక మన కాగులోని నీళ్ల సంగతి. అందులో జిగురుతోపాటు సబ్బు, చాకలిసోడా కలిసియుండును. సోడా చర్మపు జిడ్డును లాగివేసి మంట, పగుళ్లు తెచ్చును. ఆ నీళ్లు ముఖమునకు పూయరాదు. పిల్లల ఒంటికి అసలే తగలనీయరాదు. క్రీములకు తగిన సెరిసిన్‌ను సోడా లేకుండ, ఒత్తిడిగల వేడినీటితో తీసి, శుభ్రపరచి, పొడిచేయుదురు. అది మన పొయ్యిమీద జరుగు పని కాదు. ఇంటిలోనే చేసి అమ్మవచ్చునని ఎవరైన పెట్టుబడి అడిగినచో, ముందు పరీక్షపత్రము చూపమనండి.

కొనిన క్రీమునైనను మోచేతి లోపలివైపు కొంచెము రాసి రెండు రోజులు చూడవలెను. దురద, దద్దుర్లు లేచినచో మానవలెను. కర్ణాటకలో గూళ్లనుండి పట్టుతీయు కొట్టములలో పనిచేయువారిలో కొందరికి ఆ గాలి పడక ఉబ్బసము వచ్చుట వైద్యులు గుర్తించియున్నారు. అట్టివారు ఇట్టి క్రీముల జోలికి పోకుండుటే మేలు.

ఉడికించువారి చేతులకు రబ్బరు తొడుగులు, పని కాగానే మంచినీళ్లతో కడుగుట, తడి తుడిచి కొబ్బరినూనె గాని ఆముదము గాని రాయుట, ఇవి చాలును. పగిలిన వ్రేళ్లకు సన్నని పోగు తగులుకొని లేచునని ఆసుపోయు స్త్రీలకు నేను చెప్పనక్కరలేదు.