తాత వాచీని తూకానికి వేస్తున్నారా?

బంగారం ధర పెరిగినప్పుడల్లా బీరువాల్లోని పాత వాచీలు నగల దుకాణాల తక్కెడ ఎక్కుతుంటాయి. యంత్రాన్ని ఊడదీసి పక్కన పడేస్తారు. కేసును కరిగించి, గ్రాముల లెక్కన సొమ్ము చేతిలో పెడతారు. 1980 జనవరిలో ఔన్సు బంగారం 850 డాలర్లకు చేరినప్పుడు పాశ్చాత్య దేశాల్లో జరిగిందీ ఇదే. కేసు కోల్పోయిన ఆ యంత్రాలు నేటికీ విడిగా అమ్మకానికి వస్తుంటాయి. కరగకుండా మిగిలిన వాచీల కోసమే సేకరణకర్తలు వెదుకుతున్నారు. పేరున్న స్విస్ సంస్థల తయారీకి లోహం ధర కంటే ఎన్నో రెట్లు చెల్లించేవారూ ఉన్నారు.

అయితే ముందుగా తేల్చుకోవలసినది అది బంగారమేనా అన్నది. వెనుక మూత తెరిస్తే చాలావరకు తెలిసిపోతుంది. 18 క్యారెట్లయితే 750, 14 క్యారెట్లయితే 585, 9 క్యారెట్లయితే 375 అన్న అంకె కనిపిస్తుంది. పాత స్విస్ కేసులపై స్త్రీ శిరస్సు ముద్ర 18 క్యారెట్లకు, ఉడుత బొమ్మ 14 క్యారెట్లకు గుర్తు. 1995 నుంచి వీటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్క తల ముద్ర వచ్చింది. ‘ప్లాకే’, ‘రోల్డ్ గోల్డ్’, ‘గోల్డ్ ఫిల్డ్’, ‘20 మైక్రాన్లు’ అన్న మాటలుంటే పైపొర మాత్రమే బంగారం. 20 మైక్రాన్లంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అని చెక్కి ఉన్నా సాధారణంగా అంతే. జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ ప్రారంభించిన హెచ్‌ఎంటీ అందించిన బంగారు వన్నె వాచీలు కూడా చాలావరకు పూతవే. పెళ్లిలో పెట్టిన వాచీ అన్న మమకారం వేరు, గీటురాయి వేరు.

డయల్‌పై ‘17 జ్యూవెల్స్’ అని చూసి లోపల రత్నాలున్నాయని మురిసేవారున్నారు. ఉన్న మాట నిజమే. కానీ అవి కృత్రిమ కెంపులు; ఇరుసులు అరగకుండా అమర్చినవి. విడిగా అమ్మితే చెప్పుకోదగ్గ ధర రాదు.

కీ ఇచ్చినప్పుడు బిగుసుకున్న స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ పళ్ల చక్రాలను తిప్పుతుంది. అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఆ వేగాన్ని అదుపు చేస్తుంది. ఆనాటి వాచీల్లో ఎక్కువ భాగం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు టిక్కుమంటాయి. నూనె ఎండితే ఇరుసులు అరుగుతాయి. అందుకే వాడుతున్న వాచీని నాలుగైదేళ్లకోసారి విప్పించి శుభ్రం చేయించాలి. 1969 డిసెంబరులో సీకో సంస్థ క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విడుదల చేసిన తర్వాత బ్యాటరీ వాచీలు రాజ్యమేలాయి. కీ వాచీల పని తెలిసిన మెకానిక్కులు క్రమంగా తగ్గిపోయారు.

సేకరణకర్త చూపు ప్రధానంగా డయల్‌పై ఉంటుంది. మసకబారినా అసలు డయలే విలువైనది. కొత్తగా రంగు వేయిస్తే ధర పడిపోతుంది. పాత బంగారానికి మెరుగు పెట్టించడం మనవారికి అలవాటు. వాచీ విషయంలో అదే నష్టం, అంచులూ ముద్రలూ అరిగిపోతాయి. రంగు మార్చిన డయల్, తలో వాచీ నుంచి తెచ్చిన భాగాలతో కూర్చిన వాటిని విదేశీ సేకరణకర్తలు ‘ముంబయి స్పెషల్’ అని ఎగతాళి చేస్తారు. కొనేవారు మూత తెరిపించి, డయల్‌పైనా యంత్రంపైనా ఒకే సంస్థ పేరుందో లేదో సరిచూసుకోవాలి. మూత తీయడానికి అంగీకరించని అమ్మకందారుతో బేరం అనవసరం.